ఆ బ్యాగు ఎందుకు తేలిగ్గా ఉంది?

ప్రశ్న: పదిహేనేళ్ళుగా కథలు రాస్తున్నాను. మొదటిసారి ఒక నవల పూర్తి చేశాను, సుమారు 38,000 పదాలు. పదేళ్ళ పాప కథ. వాళ్ళ నాన్న ఉద్యోగం పోతుంది. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లక, రోజూ మామూలుగానే ఆఫీసు బ్యాగు తగిలించుకుని బయల్దేరి, సాయంత్రం దాకా పార్కులో గడిపి ఇంటికొస్తుంటాడు. ఒకరోజు స్కూలు వాళ్ళు పిల్లల్ని బయటికి తీసుకెళ్ళినప్పుడు పాప ఆయన్ని బెంచీ మీద చూస్తుంది. ఎవరికీ చెప్పదు. పిల్లల పుస్తకాలు వేసే ఒక ప్రచురణకర్తకి పంపితే ‘బాగుంది, కానీ ఇది పెద్దల నవల’ అన్నారు. పెద్దల నవలలు వేసే మరొకరికి పంపితే ‘బాగుంది, పిల్లల పుస్తకాల వాళ్ళకి పంపండి’ అన్నారు. మా వారు ‘పిల్లలూ పెద్దలూ అందరూ చదవదగ్గ నవల అని రాసి పంపు’ అంటున్నారు. నా స్నేహితురాలు ‘పాపకి పదహారేళ్ళు చేసెయ్, గొడవ వదిలిపోతుంది’ అంటోంది. ఉద్యోగం పోవడం, అప్పులు, నాన్న ఏడవడం, ఇవన్నీ పిల్లలకి బరువేమో అని కూడా భయంగా ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మొదటి మూడు అధ్యాయాలు జత చేస్తున్నాను. నేను రాసింది పిల్లల కోసమా, పెద్దల కోసమా?
– ఒక రచయిత్రి

సమాధానం:

ముందు హాయిగా నిద్రపోండి. రెండు చోట్ల నుంచీ ‘బాగుంది’ అన్న మాట వచ్చింది కదా, అది ఊరికే రాదు. నచ్చని రాతప్రతికి కారణాలు చెబుతూ కూర్చునే తీరిక సంపాదకులకి ఉండదు. ‘ప్రస్తుతానికి తీసుకోలేకపోతున్నాం’ అని ఒక ముక్క రాసి పంపేస్తారు, చాలాచోట్ల అదీ ఉండదు. మీ విషయంలో ఇద్దరు మనుషులు చదివి, ఆలోచించి, ఒక అభిప్రాయం చెప్పారు. ఆ రెండూ ఒకదానికొకటి పడటం లేదన్నది మీ బాధ. నేను మూడు అధ్యాయాలూ రెండేసి సార్లు చదివాను. నాకు ఇద్దరూ నిజమే చెప్పారనిపించింది. మీరు ఒక నవల అనుకుని పంపిన కట్టలో రెండు పుస్తకాలున్నాయి. పిల్లల పుస్తకం కోసం చూసినవారికి పెద్దల పుస్తకం అడ్డం తగిలింది, పెద్దల పుస్తకం కోసం చూసినవారికి పిల్లల పుస్తకం అడ్డం తగిలింది.

ఇది గాలిలో చెప్పే మాట కాదు, మీ మొదటి అధ్యాయంలోనే చూపిస్తాను. సాయంత్రం నాన్న గుమ్మంలోకి రాగానే పాప పరిగెత్తుకెళ్ళి ఆయన భుజం మీద నుంచి బ్యాగు దించుతుంది. రోజూ ఆ బరువుకి ఒక పక్కకి ఒరిగిపోయి, ఈడ్చుకుంటూ లోపలికి తెస్తుంది. అది ఆమె ఆట, ఆయనకి అలవాటు. ఆ రోజు బ్యాగు పట్టుకోగానే వెనక్కి తూలిపోతుంది. బరువుకి సిద్ధపడ్డ చేతికి బరువు తగలలేదు. ‘నేను పెద్దదాన్నయిపోయానేమో అనుకున్నాను’ అని రాశారు.

ఈ ఒక్క వాక్యానికి మీకు దండం పెట్టాలి. బ్యాగు తేలికైతే ఆఫీసు కాగితాలు లేవేమో, ఉద్యోగం లేదేమో అని పెద్దవాళ్ళకి తడుతుంది. పాపకి తట్టింది తనకి బలం వచ్చిందని! ఆ పొరపాటులో సంతోషం ఉంది, గర్వం ఉంది. చదివే పిల్ల కూడా పాపతో పాటే ‘ఔను, పెద్దదైంది’ అనుకుంటుంది, లేదా ‘ఏదో తేడాగా ఉందే’ అని ఆగుతుంది. చదివే తల్లికి మాత్రం గుండె కలుక్కుమంటుంది. ఒకే వాక్యం ఇద్దరికీ రెండు రకాలుగా పనిచేసింది, అదీ మీరు ఎవరినీ కూర్చోబెట్టి వివరించకుండా.

ఆ వెంటనే ఏం రాశారు? ‘ఆ బరువు ఎక్కడికి పోయిందో నాకు ఇరవయ్యేళ్ళ తర్వాత అర్థమైంది. అది బ్యాగులోంచి నాన్న గుండెల్లోకి మారింది.’

అయ్యో అనిపించింది. వాక్యం చెడ్డదని కాదు. ఆ వాక్యం రాసింది పాప కాదు, ముప్పై ఏళ్ళ ఆవిడ. ఆవిడ ఎక్కడి నుంచి వచ్చింది? అప్పటిదాకా గుమ్మంలో తూలుతూ నిలబడ్డ పాప చెయ్యి వదిలేసి, మేడ మీదికి ఎక్కి, ఇరవయ్యేళ్ళు దాటి వెనక్కి చూస్తున్నాం. పది వాక్యాల తర్వాత మళ్ళీ కిందికి దిగి పాప దగ్గరికి వచ్చాం. మూడు అధ్యాయాల్లో ఇలా మేడ ఎక్కి దిగడం పదకొండు సార్లు లెక్కపెట్టాను. రెండు చోట్లా మీ రాతప్రతి తిరిగి రావడానికి కారణం ఆ మెట్లేనని నా నమ్మకం.

పుస్తకం పిల్లలదా పెద్దలదా అనడానికి కథలో ఉన్న మనిషి వయసు కొలబద్ద కాదు. కథ చెప్పే గొంతు ఎక్కడ నిలబడి చెబుతోందన్నదే కొలబద్ద. 1960లో వచ్చిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ ఆరేళ్ళు నిండబోయే అమ్మాయితో మొదలవుతుంది, కానీ చెప్పేది పెద్దయిన ఆ అమ్మాయి. నాన్నని, ఊరిని, అప్పుడు అర్థంకాని మాటల్ని ఇప్పుడు అర్థం చేసుకుంటూ చెబుతుంది. బళ్ళలో పిల్లల చేత చదివిస్తారు, నిజమే. అయినా ఆ గొంతు పెద్దది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది కూడా పెద్దల నవలగానే. ఇంకోవైపు, 2003లో మార్క్ హాడన్ రాసిన ‘ద క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ద డాగ్ ఇన్ ద నైట్‌టైమ్’ చూడండి. పదిహేనేళ్ళ కుర్రాడు, ఇంట్లో పెద్దవాళ్ళు దాచిన ఒక పెద్ద అబద్ధం. మీ కథకి దూరపు చుట్టమే. అక్కడ కుర్రాడు తనకి తెలిసినంతే చెబుతాడు, తెలియంది తెలియనట్టే వదిలేస్తాడు. ఆ పుస్తకాన్ని ఒకే ఏడాది పిల్లల కోసం ఒక కవరుతో, పెద్దల కోసం మరో కవరుతో రెండు ముద్రలుగా వేశారు. గార్డియన్ పిల్లల సాహిత్య బహుమతీ వచ్చింది, పెద్దల పుస్తకాలతో పోటీపడి విట్‌బ్రెడ్ ‘బుక్ ఆఫ్ ద ఇయర్’ కూడా వచ్చింది.

ఇది చూసి మీ వారు ‘నేను చెప్పలా?’ అంటారేమో. ఆగండి, ఆయన దగ్గరికీ వస్తాను.

దానికంటే ముందు ఒక భయం తీసెయ్యాలి. ఉత్తరంలో ఒకచోట ‘ఉద్యోగం పోవడం, అప్పులు, నాన్న ఏడవడం, ఇవన్నీ పిల్లలకి బరువేమో’ అని రాశారు. విషయం వల్ల ఏ పుస్తకమూ పెద్దలది అయిపోదు. 1952 నాటి పిల్లల నవల ‘షార్లెట్స్ వెబ్’లో కథకి ప్రాణమైన సాలీడు చివర్లో చచ్చిపోతుంది, అదీ ఎవరూ పక్కన లేకుండా. అయినా అది పిల్లల పుస్తకంగానే ఉంది. ఇంట్లో డబ్బు లేదన్న సంగతి పిల్లలకి మనం చెప్పకముందే తెలుస్తుంది. తలుపు వెనక గొంతులు తగ్గినప్పుడు తెలుస్తుంది, ‘తర్వాత కొందాంలే’ అన్న మాట నెలలో నాలుగోసారి విన్నప్పుడు తెలుస్తుంది. వాళ్ళకి బరువైంది విషయం కాదు, మన వ్యాఖ్యానం. మీ రెండో అధ్యాయంలో ‘మధ్యతరగతి పరువు అనే పంజరం’ గురించి ఒకటిన్నర పేజీ ఉంది. పదేళ్ళ పిల్ల అక్కడ పుస్తకం మూసేసి ఆడుకోవడానికి వెళ్ళిపోతుంది. నిజం చెప్పొద్దూ, నేనూ పేజీ తిప్పేశాను.

నా సొంత కథ ఒకటి చెబితే మీకు కాస్త ఊరటగా ఉంటుంది. చాలా ఏళ్ళ కిందట పిల్లల కోసమని ఒక కథ రాసుకుని ఒక బడికి వెళ్ళి చదివి వినిపించాను. పెరట్లో తుప్పు పట్టిన తాతగారి సైకిలు కథ. వెనక నిలబడ్డ టీచర్లు కళ్ళు తుడుచుకున్నారు. నాకు గాల్లో తేలిపోతున్నట్టుంది. అయిపోయాక ‘ఏమైనా అడుగుతారా?’ అన్నాను. ముందు వరసలో పిల్లాడు చెయ్యెత్తి, ‘ఆ సైకిలుకి బ్రేకులు పనిచేస్తాయా?’ అన్నాడు. ఇంకో అమ్మాయి, ‘దాన్ని ఎవరూ తొక్కరా?’ అంది. ఇరవై నిమిషాల కథలో ఆ సైకిలుని ఎవరూ తొక్కలేదు, నిజమే! అందరూ దాని పక్కన నిలబడి జ్ఞాపకం చేసుకున్నారు, అంతే. నేను రాసింది పిల్లల ముందు చదివిన పెద్దల కథ అని ఆ రోజు అర్థమైంది.

‘ఎవరూ తొక్కరా?’ అన్న ఆ ప్రశ్నలో రెండో కొలబద్ద ఉంది. పెద్దల కథలో పిల్ల ఊరికే చూస్తూ నిలబడినా చాలు, సాక్షిగా ఉండటమే ఆమె పని కావచ్చు. పిల్లల నవలలో అలా కుదరదు. కథలోని పిల్ల ఏదో ఒకటి చెయ్యాలి. లోకాన్ని మార్చక్కర్లేదు, నాన్నకి ఉద్యోగం తెచ్చిపెట్టక్కర్లేదు. తన చేతికి అందినంతలో, తన బుర్రకి తోచిన పని ఒకటి చెయ్యాలి. అది తప్పయినా ఫర్వాలేదు, తప్పయితే ఇంకా మంచిది.

మీ పాప ఏమీ చెయ్యదని మీరు అనుకుంటున్నారు, ఉత్తరంలో కూడా ‘ఎవరికీ చెప్పదు’ అని కథ ముగించారు. మీ మూడో అధ్యాయం మీరే మళ్ళీ చదవండి. నాలుగో పేజీ కింద, పేరా మధ్యలో, ఈ వాక్యం ఉంది: ‘అమ్మ బ్యాగు ఎత్తితే తెలిసిపోతుందని మర్నాడు పొద్దున్నే నా పాత నోటుపుస్తకాలు రెండు అందులో పెట్టాను.’

అంతే. ఆ తర్వాత అమ్మ మనసులోకి వెళ్ళిపోయి, పదకొండు పేజీలు అక్కడే ఉండిపోయారు.

అమ్మా, ఆ వాక్యమే మీ నవల! నాన్న అబద్ధానికి పాప బరువు పోస్తోంది. ఎవరూ అడగలేదు, నాన్నకి కూడా తెలియదు. రేపు అమ్మ ‘ఈ బ్యాగులో ఏముందే ఇంత బరువు?’ అంటే ఏమవుతుంది? పాత నోటుపుస్తకాలు అయిపోతే తర్వాత ఏం పెడుతుంది? ఈ ఏడాది పుస్తకమే పెట్టేసి, బడిలో ‘మర్చిపోయాను’ అని నిలబడుతుందా? నాన్న ఒకరోజు బెంచీ మీద బ్యాగు తెరిచి, కూతురి చేతిరాత చూస్తాడా? చూసినట్టు ఆమెకి చెబుతాడా, లేక ఆయన కూడా దాస్తాడా? ఇద్దరూ ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ ఎన్నాళ్ళు నడుస్తుంది? మిమ్మల్ని అడుగుతూ నేనే రాసేసేలా ఉన్నాను, ఆపేస్తాను. దారం మాత్రం అదే. పిల్లలు పేజీ తిప్పేది ఈ ప్రశ్నల కోసం.

ఇక అమ్మ మనసులోని ఆ పదకొండు పేజీలు. పారెయ్యమనడం లేదు. ఆవిడకి మొదటి రోజు నుంచే అనుమానం ఉందనీ, అడిగితే ఆయన మొహం చూడలేక అడగలేదనీ రాశారు. అది మంచి కథ, పెద్దల కథ. బయటికి తీసి, పన్నెండు పదిహేను పేజీల కథానికగా విడిగా రాయండి. మీకు కథలు రాయడం పదిహేనేళ్ళ అలవాటు, నవల మధ్యలో చెయ్యి దానంతటదే కథానికలోకి జారిపోయిందని నా అనుమానం. ఇంట్లో ముగ్గురికీ తెలుసు, ముగ్గురూ దాస్తున్నారు. ఆ సంగతి పెద్దల కథలో అమ్మకి తెలుస్తుంది, పిల్లల నవలలో చదివే పిల్లకి నెమ్మదిగా తెలుస్తుంది. ఒకే ఇల్లు, రెండు కిటికీలు. రెండూ అచ్చుకి వెళ్ళగలవు, వేర్వేరు చిరునామాలకి.

‘అమ్మ మనసులో ఏముందో చెప్పకుండా పిల్లల నవలలో అమ్మని ఎలా చూపించను?’ అంటారేమో. మన భాష మీకు ఒక చిన్న పనిముట్టు ఇచ్చింది, వాడుకోండి. ‘ట’. ‘నాన్నకి ఇవాళ ఆఫీసులో పని ఎక్కువ’ అంటే ఒక మాట. ‘నాన్నకి ఇవాళ ఆఫీసులో పని ఎక్కువట’ అంటే ఇంకో మాట. ఆ ఒక్క అక్షరంతో చెప్పే మనిషి పక్కకి తప్పుకుంటుంది: నేను చూడలేదు, విన్నాను, నిజమో కాదో నా పూచీ కాదు. అమ్మ మొదటి రెండు వారాలూ ‘పని ఎక్కువ’ అంటూ వచ్చి, ఒక సాయంత్రం ‘పని ఎక్కువట’ అందనుకోండి. పదేళ్ళ పిల్ల ఆ తేడా వింటుంది. వ్యాకరణం తెలిసి కాదు, పుట్టినప్పటి నుంచీ వింటున్న అక్షరం కాబట్టి. పాప తలెత్తి అమ్మ వైపు చూస్తే చాలు. పదకొండు పేజీల పని అయిపోతుంది. పక్కింటావిడ ‘మీ నాన్నని పార్కు దగ్గర చూశారట ఎవరో’ అన్నప్పుడు కూడా అదే అక్షరం, కానీ అక్కడ అది వేలెత్తి చూపుతుంది. ‘నాన్న బాగానే ఉన్నాట్ట’ అని పాపే ఎవరితోనో అనాల్సి వచ్చిన రోజు ఆ అక్షరం ఇంకెంత బరువెక్కుతుందో చూసుకోండి. మీ మూడు అధ్యాయాల్లో ఈ ‘ట’ రెండేసార్లు వచ్చింది, రెండూ వదినగారి పెళ్ళి కబుర్లలో. ఇంట్లోనే ఉన్న వస్తువుని వదిలేసి ‘పరువు అనే పంజరం’ దాకా వెళ్ళారు.

భాష గురించే ఇంకొంచెం. పాప గొంతు అన్నాక ముద్దుమాటలు వద్దు. మొదటి అధ్యాయంలో ‘బుజ్జి చేతులు’, ‘చిట్టి పాదాలు’ అని పాపే తన గురించి చెప్పుకుంటోంది. ఏ పదేళ్ళ పిల్లా తన చేతుల్ని బుజ్జి చేతులు అనుకోదు, అవి ఆమెకి మామూలు చేతులే. చూసి మురిసేది మీరు. అలాగని వాక్యాలన్నీ పొట్టివి చెయ్యనక్కర్లేదు. ‘వెళ్ళి, చూసి, దాక్కుని, వచ్చేసి’ అంటూ ఊపిరాడకుండా చెప్పడం పిల్లలకి బాగా వచ్చు, పార్కు దృశ్యంలో మీరు అలా రాసిన పెద్ద వాక్యం చక్కగా పరిగెత్తింది. సంస్కృత సమాసాలు మాత్రం ఏరెయ్యండి. ‘అవ్యక్తమైన ఆవేదన’ పాప నోట్లో పట్టదు.

ఇప్పుడు మీ వారి సలహా. ‘పిల్లలూ పెద్దలూ అందరూ చదవదగ్గ’ అని రాసి పంపకండి. ప్రచురణ సంస్థలో ఆ వాక్యం చదివేవారికి ‘ఎవరి కోసమో రచయితకి తెలియదు’ అని వినిపిస్తుంది. వాళ్ళ ఇబ్బంది కూడా న్యాయమైనదే. పుస్తకాన్ని కొట్లో ఏదో ఒక అరలో పెట్టాలి, ఎవరో ఒకరికి బొమ్మ వెయ్యమని చెప్పాలి, అక్షరం ఎంత సైజో తేల్చాలి. రెండు అరల్లోకీ వెళ్ళిన పుస్తకాలు ఉన్నాయి, కాదనను. హ్యారీ పాటర్ మొదటి పుస్తకం 1997లో పిల్లల పుస్తకంగా వచ్చింది. మరుసటి ఏడాది పెద్దలు నలుగురిలో మొహమాటపడకుండా చదువుకోవడానికి వేరే కవరుతో వేశారు. ఆ వరస పుస్తకాలు పెద్దల నవలల పట్టికలో పైస్థానాలు వదలకపోతే, 2000లో న్యూయార్క్ టైమ్స్ పిల్లల పుస్తకాలకి విడిగా ఒక పట్టికే పెట్టుకుంది. జరిగిన వరస గమనించారా? అది ముందు పిల్లలకి పూర్తిగా పిల్లల పుస్తకం. పెద్దలు వాళ్ళంతట వాళ్ళు వచ్చారు. హాడన్ పుస్తకానికి రెండు కవర్లు వెయ్యాలన్నది కూడా అచ్చువేసేవాళ్ళు చేసుకున్న ఏర్పాటు. లోపల ఉన్నది ఒక్క గొంతే. మీరు ఒకరి కోసం గట్టిగా రాయండి. రెండోవాళ్ళు వస్తే వస్తారు. బ్యాగు వాక్యానికి నాకు గుండె కలుక్కుమంది కదా, నేనేమీ పదేళ్ళ పిల్లని కాదు.

స్నేహితురాలి మాట అసలు వినకండి. పదహారేళ్ళ అమ్మాయి తేలికైన బ్యాగు పట్టుకుని ‘నాకు బలం వచ్చింది’ అనుకోదు. నాన్నని బెంచీ మీద చూసిన నిమిషంలో ఆమెకి మొత్తం అర్థమైపోతుంది, కథ ఆ పేజీలోనే అయిపోతుంది. ఒక చిన్న సవరణ మాత్రం ఆలోచించొచ్చు. పిల్లలు తమకంటే ఒకటి రెండేళ్ళు పెద్దవాళ్ళ గురించి చదవడానికి ఇష్టపడతారని ప్రచురణల్లో అందరూ పాటించే లెక్క ఒకటుంది. పదేళ్ళ పాప కథని ఎనిమిది, తొమ్మిదేళ్ళ వాళ్ళు ఎక్కువ తీసుకుంటారు. మీ విషయం పదీ పదకొండేళ్ళ పిల్లలకి బాగా అందుతుంది కాబట్టి, పాపకి పదకొండు నిండాయనుకుంటే నష్టం లేదు. అంతకు మించి కదపకండి.

నిడివి సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ నవలకి 30,000 నుంచి 50,000 పదాలు అన్న లెక్క ఎక్కడో చదివి 38,000 దగ్గర ఆగి ఉంటారు. అది ఇంగ్లీషు లెక్క. ‘వెళ్ళలేకపోయాననుకుంటున్నావేమో’ మనకి ఒక్క మాట, ఇంగ్లీషులో అదే చెప్పాలంటే ఎనిమిది తొమ్మిది పదాలు పడతాయి. కాబట్టి మీ 38,000 తెలుగు పదాలు పిల్లల చేతిలో చాలా లావు పుస్తకం. అమ్మ పేజీలు, ఇరవయ్యేళ్ళ తర్వాతి పేజీలు తీసేస్తే దానంతటదే 25,000 దగ్గరికి వస్తుందని నా అంచనా, అది చాలు.

పని మొదలుపెట్టేటప్పుడు రెండు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. మొత్తం ప్రింటు తీసి, ఆ రోజు, ఆ నిమిషంలో పాపకి తెలిసిన ప్రతి వాక్యం కింద ఒక రంగు, తెలియని వాక్యం కింద ఇంకో రంగు గీయండి. ‘తర్వాత తెలిసింది’, ‘ఇప్పుడు ఆలోచిస్తే’, ‘ఆ వయసులో నాకేం తెలుసు’, ఇలాంటివి కనిపించగానే రెండో రంగు. కంప్యూటర్ మీద చెయ్యకండి, కాగితం మీద చేస్తేనే ఎక్కడ ఎంత మరక ఉందో ఒక్క చూపులో కనిపిస్తుంది. రెండో రంగువన్నీ కత్తిరించి వేరే ఫైల్లో దాచుకోండి, కథానికకి పనికొస్తాయి. మిగిలిన దాన్ని వెంటనే అతుకులు వెయ్యకుండా ఒక వారం పక్కన పెట్టండి. ఆ ఖాళీల్లో కొన్నింటికి అసలు అతుకే అక్కర్లేదని మీకే తెలుస్తుంది.

తర్వాత మీ పిల్లలు కాని పిల్లలకి చదివి వినిపించండి. సొంత పిల్లలు అమ్మ మొహం చూసి బాగుందంటారు. నలుగురైదుగురు చాలు, ఒక అధ్యాయం చాలు. ‘ఎలా ఉంది?’ అని అడగకండి, మర్యాదకి బాగుందంటారు. చదువుతున్నప్పుడు చేతిలో పెన్సిల్ ఉంచుకుని, వాళ్ళు కాళ్ళు ఊపడం మొదలుపెట్టిన చోట చిన్న గీత పెట్టుకోండి. మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చి ప్రశ్న వేస్తే విసుక్కోకండి, అది బంగారం. ఆపేసి, ‘తర్వాత ఏమవుతుందనుకుంటున్నారు?’ అని మాత్రం అడగండి. వాళ్ళు నాన్న గురించి చెబితే ఒక రకం, పాప గురించి చెబితే ఇంకో రకం. పాప గురించి చెబితే మీరు ఒడ్డున పడ్డట్టే.

నేను చూడని చివరి అధ్యాయం గురించి ఒక్క మాట. నాన్నకి మళ్ళీ ఉద్యోగం వచ్చేసి కథ సుఖాంతం అయి ఉంటే, దయచేసి ఇంకోసారి ఆలోచించండి. పిల్లల పుస్తకం ఆశ మిగల్చాలి, ఒప్పుకుంటాను. ఆ ఆశ ఆఫీసు నుంచి వచ్చే కాగితంలో ఉంటే పాప చేసిందంతా వృథా. ఇంట్లో ఆ సంగతి ఎవరో ఒకరు పైకి అనడంలో ఉంటే, అనేది పాపే అయితే, ఉద్యోగం రాకపోయినా ఫర్వాలేదు.

తిరగరాశాక మొదట పిల్లల పుస్తకాల వారికే పంపండి. ‘మీరు చెప్పింది విని మార్చాను’ అని ఒక్క వాక్యం చేర్చండి, కారణం చెప్పి వెనక్కి పంపిన సంపాదకులు ఆ రాతప్రతిని గుర్తుపెట్టుకుంటారు. అమ్మ కథానిక పత్రికకి వెళ్ళొచ్చు, రెండిటికీ సంబంధం ఉందని ఎవరికీ చెప్పక్కర్లేదు.

మరొకటి, చదువుతున్నప్పుడు నన్ను ఆపేసిన చోటు. మూడో అధ్యాయం చివర్లో, నోటుపుస్తకాలు పెట్టిన వారం తర్వాత, పాప మళ్ళీ ఆ దారిన వెళ్తే నాన్న అదే బెంచీ మీద తల వంచుకుని ‘ఏదో చదువుకుంటూ’ కనిపించాడని రాశారు. ఏం చదువుతున్నాడో రాయలేదు. మీకు అంత దూరం నుంచి కనిపించలేదేమో, పాప అయితే అట్ట రంగు చూసే ఉంటుంది.